నోరు పిడచకట్టుకుపోతే వేడి చేసినట్టేనా?

మన ఊళ్లలో సగం జబ్బులకు పేరు ఒక్కటే, "వేడి చేసింది". కళ్లు మండినా అదే, నోరు పూసినా అదే, మూత్రంలో మంట పుట్టినా అదే. మందు కూడా ఒక్కటే. సబ్జా గింజలు నానబెట్టిన నీళ్లు, లేకపోతే పల్చటి మజ్జిగ. మార్చి, ఏప్రిల్ నెలల్లో మిరప కల్లంలో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తాలు కాయలు ఏరే మనిషికి గొంతు తడారిపోతే ఎవరైనా ఇంకేమంటారు? చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది కూడా. నిజం కాని కొద్దిసార్ల గురించి ఈ వ్యాసం.

మా అమ్మ సంగతితో మొదలుపెడతాను. ఈ సంచిక చదివేవాళ్లలో చాలామంది అమ్మలు చేసే పనులే ఆవిడా చేసింది. పత్తి తీత, మిరప కోత, సీజన్లో కాయలకు తొడిమలు తీసే పని. నలభై దాటాక ఆవిడకు చేతివేళ్ల కణుపులు వాచి, పొద్దున్నే చీపురు పట్టుకోలేని స్థితి వచ్చింది. కీళ్లవాతం అన్నారు, మందులు మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే ఆవిడకు మజ్జిగ పోసుకోకుండా ముద్ద దిగడం మానేసింది. రాత్రి పక్కన చెంబు పెట్టుకుని పడుకునేది, రెండు మూడుసార్లు లేచి గొంతు తడుపుకునేది. గోంగూర పచ్చడి నాలుకకు తగిలితే నోరు భగ్గుమనేది. గుంటూరు జిల్లాలో పుట్టి కారం తినలేని మనిషిని చుట్టాలు ఎలా చూస్తారో మీకు తెలుసు. "ఈ వయసులో నాజూకు నేర్చిందమ్మా మా వదిన" అని మేనత్త నవ్వేది. ఒకదాని తర్వాత ఒకటి పళ్లు చిగురు దగ్గర నల్లబడి విరిగిపోతుంటే ఒక క్లినిక్కుకు వెళ్లి పీకించుకుని వచ్చేది. పీకినవాళ్లు ఎందుకిలా పుచ్చుతున్నాయని అడగలేదు. నేనూ అడగలేదు. హాస్టల్ నుంచి సెలవులకు వెళ్లినప్పుడల్లా "నీళ్లు ఎక్కువ తాగమ్మా" అని సలహా చెప్పి వచ్చేవాణ్ణి. తర్వాత దంతవైద్యం ఆఖరి సంవత్సరంలో ఒకరోజు పాఠం వింటుంటే, మాస్టారు చెప్పే ఒక్కొక్క లక్షణానికీ మా అమ్మ నోరే కళ్లముందు కనపడింది. ఆ పాఠం మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఉమ్మి గురించి. ఉమ్మి అంటే మనకు చులకన. కానీ అది రోజుకు అరలీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. చెవుల ముందు రెండు, దవడ కింద రెండు, నాలుక కింద రెండు పెద్ద గ్రంథులు ఉంటాయి. ఇవి కాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో వందలకొద్దీ చిన్న గ్రంథులు. లాలాజలం పిండిపదార్థాన్ని అరిగిస్తుందని హైస్కూల్లో చదువుకున్నాం. అది దాని పనుల్లో చిన్నది. ముద్దను తడిపి గొంతులోకి జార్చడం, రుచిని నాలుకకు అందించడం, పులుపు తిన్నాక ఆ ఆమ్లాన్ని విరిచేయడం, పంటి పైపొర నుంచి కరిగిన కాల్షియాన్ని మళ్లీ అక్కడికి చేర్చడం, నోట్లో బూజు పెరగకుండా చూడటం, ఇవన్నీ దాని పనులే. అది తగ్గితే ముందు పోయేవి పళ్లు. అదీ మామూలుగా పుచ్చే చోట కాదు. మామూలు పుచ్చు నమిలే పళ్ల గుంటల్లో, పళ్ల సందుల్లో మొదలవుతుంది. ఉమ్మి లేని నోట్లో చిగురు అంచున, ముందుపళ్ల కొసల మీద మొదలవుతుంది.

పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల వాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కుంది. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల చిన్నప్పటి నుంచే పళ్ల మీద గోధుమరంగు మచ్చలుంటాయి. అందుకని పన్ను విరిగినా "మా నీళ్లే అంత" అని ఊరుకుంటారు. ఫ్లోరైడ్ మచ్చ పన్ను మొలిచినప్పటి నుంచే ఉంటుంది, కుడి ఎడమల పళ్ల మీద దాదాపు ఒకేలా ఉంటుంది. నలభై ఏళ్లు గట్టిగా నిలిచిన పళ్లు రెండు మూడేళ్లలో చిగురు దగ్గర కరిగిపోతే ఆ నింద నీళ్ల మీద వేయకూడదు.

ఉమ్మి ఊరడం నరాల ఆజ్ఞతో జరిగే పని. గ్రంథి దాకా వచ్చిన నరం కొసన ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం విడుదలై అక్కడి కణాన్ని తట్టి లేపుతుంది. పని అయ్యాక ఒక ఎంజైము దాన్ని విరిచేస్తుంది. పుస్తకంలో చదివితే ఇది గుర్తుండదు కానీ పత్తి చేలల్లో పెరిగినవాళ్లకు గుర్తుండే దారి ఒకటుంది. మోనోక్రోటోఫాస్ లాంటి మందు గాలికి ఎదురు కొట్టి పడిపోయిన మనిషి నోటి వెంట చొంగ కారడం మనలో చాలామంది చూశాం. ఆ పురుగుమందు ఆ ఎంజైమును కట్టిపడేస్తుంది. రసాయనం విరగదు, గ్రంథి ఆగకుండా ఊరుతూనే ఉంటుంది. ఆసుపత్రిలో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ పని దీనికి సరిగ్గా ఎదురు. రసాయనం తలుపు తట్టినా కణానికి వినపడకుండా చేస్తుంది. అందుకే ఆ ఇంజెక్షన్లు పడ్డాక రోగి నోరు ఎండిపోయి నీళ్లు నీళ్లంటాడు. ఉమ్మెత్తకాయలో ఉన్నదీ ఆ జాతి మందే.

దీన్నిబట్టి నోరు ఎండటానికి దారులు అర్థమవుతాయి. నరం పంపే కబురు గ్రంథికి అందకపోవడం ఒకటి. కబురు అందినా గ్రంథే పాడై ఉండటం రెండోది. ఒంట్లో నీరే తక్కువ కావడం మూడోది, మనం వేడి చేసిందనేది ఎక్కువగా దీన్నే. డాక్టరు చేసే పరీక్షలన్నీ ఈ మూడింట్లో ఏదో తేల్చడానికే.

గ్రంథి పాడయ్యే జబ్బుల్లో ముఖ్యమైనది షోగ్రెన్ జబ్బు. బయటి క్రిములతో పోరాడవలసిన రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడితే దాన్ని ఆటో ఇమ్యూన్ జబ్బు అంటారు. కీళ్ల మీద తిరగబడితే రుమటాయిడ్ కీళ్లవాతం. చర్మం, కీళ్లు, మూత్రపిండాలు ఇలా చాలా చోట్ల దాడి చేస్తే లూపస్. ఉమ్మి గ్రంథులు, కన్నీటి గ్రంథుల మీద పడితే షోగ్రెన్. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు గ్రంథిలోని సన్నటి గొట్టాల చుట్టూ గుంపులు కడతాయి. ఈ జబ్బు ఒంటరిగానూ వస్తుంది, మా అమ్మకు వచ్చినట్టు కీళ్లవాతానికి తోడుగానూ వస్తుంది. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే, ఎక్కువగా నలభై నుంచి అరవై ఏళ్ల మధ్యవాళ్లు.

హెన్రిక్ షోగ్రెన్ స్వీడన్ దేశపు కంటి డాక్టరు. 1933లో ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో కళ్లు పొడిబారిన 19 మంది స్త్రీల వివరాలున్నాయి. వాళ్లలో చాలామందికి కీళ్ల బాధ కూడా ఉంది. కంటి డాక్టరు కంటితో ఆగిపోకుండా నోరూ కీళ్లూ చూశాడు, అదే ఆయన గొప్ప. ఆ గ్రంథాన్ని పరీక్షకులు పెద్దగా మెచ్చలేదు, ఆయనకు బోధకుడి హోదా కూడా దక్కలేదు. 1943లో ఇంగ్లీషు అనువాదం వచ్చాకే లోకానికి తెలిసింది. మార్కులు తక్కువ వచ్చాయని దిగులుపడే తమ్ముళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవచ్చు.

ఇక అసలు విషయం, దీన్ని కనిపెట్టడం. నోరు పొడిగా ఉందనిపించడం వేరు, ఉమ్మి నిజంగా తగ్గడం వేరు. నోటితో గాలి పీల్చేవాడికి, కంగారులో ఉన్నవాడికి ఉమ్మి సరిపడా ఊరుతున్నా నోరు పొడిగా అనిపించవచ్చు. ఇంకొకరికి మామూలుగా ఊరేదాంట్లో సగం పోయేదాకా తేడాయే తెలియదు. తెలిసినా చెప్పరు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 2015లో ప్రచురించిన పరిశీలనలో మూడు వందలకు పైగా షోగ్రెన్ రోగులున్నారు. వాళ్లలో నోరో కళ్లో పొడిబారాయని చెప్పుకుంటూ వచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. కాబట్టి కీళ్లవాతమో లూపసో ఉన్న మనిషిని మనమే అడగాలి. మూడు నెలలకు పైగా రోజూ నోరు పొడిగా ఉంటోందా? పొడి తిండి మింగడానికి తరచూ నీళ్లు తాగాల్సి వస్తోందా? కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటోందా? ఇంగ్లీషు పుస్తకాల్లో ఉప్పు బిస్కెట్టు నీళ్లు లేకుండా తినగలరా అని అడగమంటారు. మన దగ్గర మరమరాలనో, వేయించిన శనగలనో, కందిపొడి కలిపిన అన్నమనో అడిగితే చాలు. హాస్టల్ ఉప్మా నీళ్లు తాగకుండా దిగడం లేదంటే మాత్రం అది జబ్బు కింద లెక్క కాదు.

తర్వాత నోరు తెరిపించి చూస్తారు. పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దాన్ని బుగ్గ లోపల ఆనిస్తే జారాలి. పొడినోట్లో అది అతుక్కుంటుంది. నాలుక పైకెత్తితే కింద గుంటలో నీరు నిలిచి కనపడాలి, లేకపోతే అనుమానించాలి. నాలుక మీద నూగు పోయి ఎర్రగా నున్నగా ఉండటం, లేదా ఎండిన చెరువు మట్టిలా చీలికలు పడటం, పెదవుల మూలలు పగలడం, ఉన్న కాస్త ఉమ్మీ నురగలా ఉండటం చూస్తారు. చెవి ముందున్న గ్రంథిని మెల్లగా నొక్కితే బుగ్గ లోపలి రంధ్రం నుంచి తేటగా ఉమ్మి రావాలి. ఇంతవరకు ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఉమ్మి కొలవడానికీ పెద్ద సరంజామా అక్కర్లేదు. ఈ పరీక్ష తెలుసుకున్న రోజున నాకు కోపం వచ్చింది, ఇంత తేలికైనదాన్ని మా అమ్మకు ఇన్నాళ్లూ ఎవరూ చేయలేదని. గంటన్నర ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు, పళ్లు తోమకూడదు, బీడీ చుట్ట ముట్టకూడదు. కుర్చీలో కూర్చుని తల కొద్దిగా వంచి, నమలకుండా, మాట్లాడకుండా, నోట్లో ఊరినదాన్ని ఊరినట్టు ఒక చిన్న కప్పులోకి వదలాలి. పదిహేను నిమిషాలు. కప్పును ముందూ తర్వాతా తూకం వేస్తే తేలిన గ్రాములే దాదాపు మిల్లీలీటర్లు. నురగ వల్ల కంటితో కొలిస్తే తప్పుతుంది కాబట్టి తూకమే మంచిది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి నిమిషానికి 0.3 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. 0.1 లేదా అంతకన్నా తక్కువ, అంటే పదిహేను నిమిషాలకు ఒకటిన్నర మిల్లీలీటరు మించకపోతే, ఉమ్మి నిజంగా తగ్గినట్టే. మా అమ్మకు అర మిల్లీలీటరు కూడా రాలేదు.

ఉమ్మి తగ్గిందని తేలినంత మాత్రాన అది షోగ్రెన్ అనుకోకూడదు. ఆటో ఇమ్యూన్ జబ్బు ఉన్న మనిషిలో ఈ పొరపాటు ఇంకా తేలిగ్గా జరుగుతుంది, ఎలాగూ జబ్బుంది కదా, ఇదీ దానివల్లే అనేస్తారు. మందుల కవర్లన్నీ బల్ల మీద పెట్టి చూడాలి. మిరప కోరుకు తుమ్ములు వస్తున్నాయని అవిల్ లాంటి మాత్ర రోజూ వేసుకునే ఆడవాళ్లు ఎంతమంది లేరు? అది అట్రోపిన్‌లాగే నరం కబురును అడ్డుకుంటుంది. నొప్పులకూ నిద్రకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్ ఇంకా ఎక్కువ ఎండగొడుతుంది. బీపీకి ఇచ్చే, మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్రలు ఒంట్లో నీరు తగ్గిస్తాయి. కీళ్లనొప్పులకు స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడితే షుగర్ పెరిగి దాహం పట్టుకుంటుంది, నోట్లో బూజు పుట్టి మంటా వస్తుంది. చీటీ లేకుండా పొట్లంలో కట్టిచ్చే మాత్రల్లో స్టెరాయిడ్ ఉండటం వింతేమీ కాదు, కాబట్టి ఆ పొట్లం కూడా డాక్టరుకు చూపించాలి. కీళ్లవాతానికి వారానికొకసారి ఇచ్చే మెథోట్రెక్సేట్ వల్ల నోరు పూయవచ్చు. దానికి తోడుగా ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపిన 1940ల్లో ఈ రెండూ అక్కడే తయారయ్యాయి. పూయించే మందూ, దాన్ని తగ్గించే మందూ ఒకే తెలుగువాడి చేతికింద వచ్చాయన్నమాట.

అందుకని షుగర్ పరీక్ష తప్పనిసరి. హెపటైటిస్ సి, హెచ్ఐవి కూడా చూస్తారు, ఎందుకంటే అవీ ఉమ్మి గ్రంథులను ఇలాగే దెబ్బతీయగలవు. గొంతుకో తలకో రేడియేషన్ చికిత్స జరిగిందా అని అడుగుతారు.

ఇవన్నీ తీసేశాక మిగిలినవాళ్లకు అసలు లెక్క మొదలవుతుంది. 2016లో అమెరికా, యూరప్ కీళ్లవాత వైద్య సంఘాలు కలిసి మార్కుల పద్ధతి ఒకటి పెట్టాయి. పరిశోధనల కోసం పెట్టినదైనా డాక్టర్లకు రోజువారీ దారి చూపేది కూడా అదే. ఉమ్మి నిమిషానికి 0.1 మిల్లీలీటరు మించకపోతే ఒక మార్కు. కింది కనురెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి అయిదు నిమిషాలు ఉంచితే అది అయిదు మిల్లీమీటర్లకు మించి తడవకపోతే ఒక మార్కు. దీన్ని షిర్మర్ పరీక్ష అంటారు. కంటికి రంగు వేసి చూసినప్పుడు పొడి మచ్చలు తగినన్ని కనపడితే ఇంకొకటి. రక్తంలో యాంటీ రో అనే ప్రతిదేహం ఉంటే మూడు మార్కులు. పెదవి ముక్క పరీక్షలో లింఫోసైట్ల గుంపులు కనపడితే మూడు. నాలుగు వస్తే షోగ్రెన్. నోటి పొడి, కంటి పొడి కొలతలు ఎన్ని కలిసినా మూడు దాటవు, అంటే రక్తమో పెదవో సాక్ష్యం చెప్పి తీరాలి. మా అమ్మకు ఉమ్మికి ఒకటి, కంటికి ఒకటి, రక్తానికి మూడు, మొత్తం అయిదు వచ్చాయి. పెదవి దాకా పోనక్కర్లేకపోయింది.

రక్తపరీక్షలో ఒక జాగ్రత్త. ఏఎన్ఏ అనే పరీక్ష బాగుందని వస్తే అంతటితో ఆపేస్తారు కొందరు. ఏఎన్ఏ లేకపోయినా యాంటీ రో ఉండవచ్చు కాబట్టి అనుమానం గట్టిగా ఉంటే దాన్ని విడిగా అడగాలి. రో, లా అనే పేర్లు చూసి ఏదో గ్రీకు అనుకునేవాణ్ణి. ఆ ప్రతిదేహాలు మొదట కనపడిన రోగుల పేర్లలోని మొదటి రెండేసి అక్షరాలట.

"పెదవి కోస్తారంట" అని భయపడి పరీక్షకు రానివాళ్లను చూశాను. కోసేది బయట కాదు, కింది పెదవి లోపలి వైపు. మత్తు సూది ఇచ్చి, సెంటీమీటరు పొడవు గాటు పెట్టి, జొన్నగింజల్లాంటి చిన్న గ్రంథులు అయిదారు తీస్తారు. ఒకటి రెండు కుట్లు. కొద్దిమందికి ఆ చోట కొన్నాళ్లు మొద్దుబారినట్టు ఉంటుంది. తీసినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, యాభై, అంతకుమించి లింఫోసైట్లు ఉన్న గుంపును ఒకటిగా లెక్కిస్తారు. నాలుగు చదరపు మిల్లీమీటర్లకు అలాంటిది కనీసం ఒకటి ఉండాలి. రక్తంలో యాంటీ రో లేనివాళ్లకు ఈ పరీక్షే ఆధారం.

పేరు పెట్టినందువల్ల ఒరిగేదేమిటని మా నాన్న అడిగాడు. నోరు పొడి ఎలాగూ పూర్తిగా పోదు కదా అని. నిజమే, పోదు. అయితే ఈ జబ్బు గ్రంథుల దగ్గరే ఆగకపోవచ్చు. కొందరిలో మూత్రపిండాల మీద పడి ఒంట్లో పొటాషియం పడిపోతుంది. రాత్రి బాగానే పడుకున్న మనిషి పొద్దున కాళ్లూ చేతులూ ఎత్తలేదు. ఇలాంటి కేసులు మన దేశంలో కొత్త కాదు. పక్షవాతమని పసరు మందుకు పరుగెత్తే ముందు పొటాషియం చూడాలని ఎవరికి తడుతుంది, జబ్బు పేరు తెలియకపోతే? చెవి కింద వాపు వచ్చి తగ్గకుండా గట్టిగా ఉండిపోతే వెంటనే చూపించాలి, ఎందుకంటే ఈ రోగుల్లో వందకు అయిదుగురి దాకా లింఫోమా అనే క్యాన్సర్ రావచ్చు. పెళ్లీడు అక్కచెల్లెళ్లకు ఇంకో సంగతి. తల్లి రక్తంలో యాంటీ రో ఉంటే అది కడుపులో బిడ్డకు చేరి, వందలో ఒకరిద్దరు బిడ్డల గుండె లయను దెబ్బతీస్తుంది. ముందే తెలిస్తే గర్భంలోనే బిడ్డ గుండెను స్కానింగుతో చూస్తూ ఉంటారు.

పళ్ల సంగతి నా సొంత శాఖ కాబట్టి రెండు మాటలు. నోరు ఎండుతోందని చింతకాయ, నిమ్మబద్ద చప్పరించేవాళ్లున్నారు. ఉమ్మి లేని నోట్లో ఆ పులుపు పంటిని నేరుగా తింటుంది. చక్కెర లేని చూయింగ్ గమ్ నయం. పళ్ల డాక్టరు దగ్గర ఆరునెలలకోసారి ఫ్లోరైడ్ పూత వేయించుకుంటే ఉన్న పళ్లు నిలుస్తాయి. ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం వాళ్లు ఇది విని ఉలిక్కిపడతారు, కానీ పంటికి పైపైన పూసేది వేరు, ఏళ్ల తరబడి కడుపులోకి పోయేది వేరు. గ్రంథి కొంతైనా మిగిలి ఉంటే పిలోకార్పిన్ మాత్రలు దాన్ని తట్టి లేపుతాయి. ఎసిటైల్ కోలిన్ చేసే పనే అదీ చేస్తుంది. ఆస్తమా, గుండెజబ్బు, కొన్ని రకాల కంటిజబ్బులు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా దాని జోలికి పోకూడదు.

ఎక్కడికి వెళ్లాలని చాలామంది ఫోన్లో అడుగుతుంటారు. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రుల జనరల్ మెడిసిన్ ఓపీలో మొదలుపెట్టవచ్చు. నోరు చూడటానికి, ఉమ్మి కొలవడానికి, పెదవి ముక్క తీయడానికి దంతవైద్య కళాశాలల్లో నోటి వైద్య విభాగం ఉంటుంది, విజయవాడలో ప్రభుత్వ కళాశాలే ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో కీళ్లవాత జబ్బులకు ప్రత్యేక విభాగముంది. వెళ్లేటప్పుడు పాత చీటీలతో పాటు వాడుతున్న మాత్రల కవర్లన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. గంటన్నర ముందు నుంచి టీ కూడా తాగొద్దు. మా అమ్మను మొదటిరోజు తీసుకెళ్లినప్పుడు బస్టాండులో నేనే టీ ఇప్పించి, ఆ పూట పరీక్ష చెడగొట్టి, మర్నాడు మళ్లీ తీసుకెళ్లాను.